పుంజు ఎగిరినంత మేర

బార్లీ పిండిని పాలతో పిసికి, వేలి కణుపంత ఉండలు చేసి, పుంజు గొంతులోకి ఒక్కొక్కటే తోస్తున్నాను. పుంజు నా మోకాళ్ల మధ్య ఉంది. ఎడమ చేత్తో ముక్కు తెరవాలి, ఉండను పాలలో ముంచి తోయాలి, మెడను పైనుంచి కిందికి మెల్లగా నిమరాలి. తొందరపడితే దానికి ఊపిరాడదు. ఎనిమిదేళ్ల వయసు నుంచి చేస్తున్న పని కాబట్టి నా చేతులు వాటంతట అవే కదులుతాయి.

"ఎన్నోదే అది?"

పై కిటికీలోంచి ఎంగెరాన్ దొర కేక. ఆయనకు ఒక చెవి లేదు. కుర్రతనంలో సముద్రం అవతలి యుద్ధానికి వెళ్లి, చెవి అక్కడ వదిలేసి, ఒక కంచరగాడిదను, తడిగుడ్డలో చుట్టిన బేరి కొమ్మను తెచ్చుకున్నారట. మిగిలిన చెవి కూడా సరిగా పనిచేసేది కాదు. అందుకని ఆయన ఏది మాట్లాడినా వాల్‌బ్రూన్ ఊరంతటికీ వినబడేది.

నేను వేళ్లు చూపించాను. తొమ్మిది.

"ఇంకో మూడు పెట్టు. రోజుకి పన్నెండు. వాడు ముందుముందు పని చెయ్యాల్సినవాడు, తినాలి!"

ఆ పుంజు పేరు కొలగాడు. ఆయనే పెట్టారు. ధాన్యం కొలిచే మనిషికి ఉండే పేరు పుంజుకెందుకని ఎవరూ అడగలేదు. ఎనభై ఏళ్ల దొరకు పుంజు మీద సరదా పుట్టిందని వంటింట్లో నవ్వుకున్నాం, అంతే.

విత్తులు తీసిన పుంజులు పెంచడం మా ఇంటి ఆడవాళ్ల పని. అమ్మమ్మ చేసింది, అమ్మ చేసింది, అమ్మ చూపు మందగించాక నేను చేస్తున్నాను. పక్కటెముకల కింద చిన్న కోత పెట్టి, లోపల రెండు విత్తులూ తీసేస్తే పుంజు కూత మానేస్తుంది, పోట్లాట మానేస్తుంది. తల మీది ఎర్ర తురాయి పాలిపోతుంది. ఒళ్లు మాత్రం పెరుగుతూ పోతుంది. మిగతావాటిని పండుగలకు కోసేవాళ్లం. కొలగాణ్ణి మాత్రం దొర కోయనివ్వలేదు. పునీత జాన్ పండుగకు వంటవాడు కత్తి పట్టుకుని గూటి దగ్గరికి వస్తే, దొర పైనుంచి చెప్పు విసిరారు.

ఆ వేసవంతా ఆయన మంచం ఎక్కలేదు. కాళ్లు వాచాయి, ఆయాసం వచ్చింది, అయినా బూట్లు వేసుకుని కిటికీ దగ్గర కుర్చీలోనే కూర్చున్నారు.

"నాన్నా, కాసేపు పడుకోండి," అని సిబిలమ్మ రోజూ అడిగేది.

"నేను మంచం ఎక్కితే నా ఛాతీ మీదికి పాదిరి ఎక్కుతాడు. నువ్వు పోయి మర చూసుకో."

సిబిలమ్మ దొర కూతురు. ఇరవై ఆరేళ్లు. పెళ్లి కాలేదు, చేసుకోనంది. ఇంటికి దిగువన, బేరి చెట్లు దాటి ఏటి ఒడ్డున ఉన్న నీటిమర ఆమె చేతి మీదే నడిచేది. రాయి తిరిగే చప్పుడు విని పిండి ముతకగా వస్తోందో మెత్తగా వస్తోందో చెప్పేసేది. కనుబొమలకు పిండి లేకుండా ఆమెను నేను గుళ్లో కూడా చూడలేదు. మా అమ్మా నేనూ మర మనుషులం. మర పైగదిలో ఉంటాం. మా నాయన, తాత అక్కడే పుట్టారు. మర ఎవరిదైతే మేం వాళ్ల మనుషులం. మా దేశంలో అది అంతే.

మగ్దలేనా పండుగ ముందురోజు దొర తనంతట తానే పాదిరిగారిని పిలిపించారు. నేను పుంజు చారు తీసుకుని పైకి వెళ్లేసరికి పాదిరిగారు చివరి ఘడియల్లో రాసే పవిత్ర నూనె గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నారు.

"పడుకోండి దొరా, నూనె రాయాలి."

"కుర్చీలో కూర్చున్నవాడికి నూనె అంటదా?"

"అంటుంది గానీ..."

"అయితే కూర్చునే రాయించుకుంటాను. ముందు నేను చెప్పేది వినండి. ఎమెలీన్, నువ్వూ ఉండు. ఈ పిల్ల నోరు విప్పదు గానీ చెవులు మంచివి పాదిరిగారూ. నాకంటే ఒకటి ఎక్కువ."

చారు గిన్నె కింద పెట్టి గోడకు ఆనుకుని నిలబడ్డాను.

మా దగ్గర పెద్దకొడుకుకి ఇల్లు, భూమిలో రెండు వంతులు పోతాయి. మూడో వంతు మిగతా సంతానానిది. ఆ మూడో వంతు ఏ చెక్కో చెప్పే హక్కు తండ్రిది. చెప్పకుండా పోతే పెద్దకొడుకు చూపించిందే తీసుకోవాలి. ఆయన కొడుకు గోషే పన్నెండేళ్లుగా పైదొర కొలువులో ఉన్నాడు. చెల్లెల్ని కన్యాస్త్రీల మఠంలో చేర్చమని ఏడాదికొకసారి కబురు పంపేవాడు.

"ఇల్లు గోషేది," అన్నారు దొర. "అది నేనిచ్చేది కాదు, వాడు పుట్టి తెచ్చుకున్నాడు. సిబిల్ వంతు నీటిమర, మర వెనక పచ్చిక, మర మనుషులు. విన్నారా?"

"విన్నాను. కానీ గోషే బాబు ఆమెని మఠంలో..."

"ఆ పిల్ల సాంబ్రాణి పొగకి తుమ్ముతుంది."

"తుమ్మి చూపించనా పాదిరిగారూ?" అంది సిబిలమ్మ గుమ్మంలోంచి. ఎప్పుడు వచ్చిందో. నవ్వుతూనే ఉంది గానీ కళ్లు తండ్రి కాళ్ల మీద ఉన్నాయి.

పాదిరిగారు నూనె గిన్నెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "మర ఇంటికి మరీ దగ్గర కదా దొరా. రేపు గోషే బాబు పాత ఆచారం ఎత్తితే?"

దొర ఆ మాట వినబడనట్టే నా వైపు తిరిగారు. "కొలగాడు ఎంత ఉన్నాడే ఇప్పుడు?"

చేతులు చాపి చూపించాను. బాతంత.

"చాలు," అని కళ్లు మూసుకున్నారు. "ఇప్పుడు రాయండి మీ నూనె."

మర్నాడు పొద్దున గూటి దగ్గర కూర్చుని పన్నెండో ఉండ పెట్టి, వేళ్లు చూపిద్దామని తలెత్తాను. ఆయన కిటికీలోనే ఉన్నారు. నా వైపే చూస్తున్నారు. కేక మాత్రం రాలేదు.

గోషే తొమ్మిది రోజులకు వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి. తండ్రికి లేనిదేమిటంటే మెత్తటి గొంతు. వెంట తిబో అనే బంటు. సమాధి దగ్గర గోషే చాలాసేపు మోకరించాడు, అది నటన కాదని నాకు తెలుసు, లేచేటప్పుడు గోడ పట్టుకున్నాడు. మధ్యాహ్నం భోజనానికి పాదిరిగారిని, ఊరి పెద్దల్లో రెనో తాతను, గోబెర్ తాతను పిలిచాడు. చిక్కుడు గింజల పులుసు, ఏటి మలుగుచేప, రై రొట్టె. వడ్డన నాది.

"చెల్లాయ్," అన్నాడు గోషే, ఒక బట్టల మూట ఆమె వైపు జరుపుతూ. "మఠం పెద్దమ్మగారితో మాట్లాడాను. తోటవైపు గది ఇస్తామన్నారు. ఇవి నీకు. మంచి నార, తెల్ల ముసుగులు."

సిబిలమ్మ మూట విప్పి, బట్టను వేళ్ల మధ్య రుద్ది చూసింది. "నేత సన్నగా ఉంది. ఆ గదిలో మర ఉందా అన్నయ్యా?"

"మరేమిటి?"

"మర చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదు."

రెనో తాత కిసుక్కుమన్నాడు. గోషే కూడా నవ్వాడు.

"మర సంగతే మాట్లాడదాం. నాన్న నీకిచ్చారని పాదిరిగారు చెప్పారు. నాన్న మాట నేను కాదనను. అయితే ఆయనది కానిదాన్ని ఆయనెలా ఇస్తారు? ఇంటితోపాటు, ఇంటిచుట్టూ పుంజు ఎగిరినంత మేర పెద్దకొడుకుది. అది వంతుల్లోకి రాదు. మెట్ల దగ్గర్నుంచి మరకి అరవై అంగలు. పొద్దున నడిచి చూశాను."

పాదిరిగారు రొట్టె కింద పెట్టారు.

ఆ మాట మా ప్రాంతంలో అందరికీ తెలుసు. విత్తులు తీసిన పుంజు ఎంత దూరం ఎగిరితే అంత నేల ఇంటిలో భాగం, ఇల్లు ఎవరిదో ఆ నేలా వాళ్లదే. కానీ పుంజును నిజంగా ఎగరేసినవాళ్లను ఎవరూ చూడలేదు. పక్క ఊళ్ల దొరలు తమలో తాము ఇన్ని అంగలని అనుకుని రాళ్లు పాతుకున్నారు. మా దొరల ఇంట అంతకుముందు మూడు తరాలుగా ఒక్క కొడుకే సంతానం, కొలవాల్సిన పనే పడలేదు.

"మర పోతే నా వంతు ఏది?" అంది సిబిలమ్మ.

"ఏటి అవతల నేల ఉందిగా."

"రెల్లు బురద."

"అందుకే మఠం అంటున్నాను. నీ మంచికే."

"పుంజు అరవై అంగలు ఎగురుతుందని ఎవరు చెప్పారు?"

"పక్క సీమలో డెబ్బై లెక్క."

"అక్కడి పుంజులు గట్టివి కాబోలు. మన పుంజు ఎంత ఎగురుతుందో చూద్దాం."

"అంటే?"

"ఎగరేద్దాం అన్నయ్యా. మాట తెచ్చింది నువ్వేగా. ఈ పెద్దల ముందే తెచ్చావు."

తిబో పకపకా నవ్వాడు. గోబెర్ తాత నోట్లో చేప ముక్కతోనే నవ్వాడు. గోషే నవ్వబోయి చెల్లెలి మొహం చూసి ఆగిపోయాడు. ఆమె నవ్వడం లేదు. మర రాయి తేడాగా తిరిగినప్పుడు ఎలా చూస్తుందో అలా చూస్తోంది.

కొలగాడు. పాత దొర ఆ పేరు ఎందుకు పెట్టారో నాకప్పుడు అర్థమైంది. నా గరిటలోని పులుసు బల్ల మీద ఒలికింది.

"సరే," అన్నాడు గోషే. "పైదొర తీర్పరిని పిలిపిస్తాను. ఆయన ముందే తేలుద్దాం."

తీర్పరి పునీత జైల్స్ పండుగ నాటికి వస్తానని కబురు పంపాడు. నెల రోజులు గడువు. ఆ మర్నాడే సిబిలమ్మ తెల్ల ముసుగులు కత్తిరించి పిండి జల్లెడ చట్రానికి బిగించింది. "పెద్దమ్మగారికి నా దండాలు చెప్పు అన్నయ్యా," అని మెట్ల కింద నిలబడి అరిచింది. "ఇంత మెత్తటి పిండి ఈ మరలో ఎప్పుడూ రాలేదు!" తండ్రి గొంతు ఆమెకు అప్పుడు వచ్చిందో, ముందునుంచే ఉండి ఆయన ఉండగా అవసరం పడలేదో తెలియదు.

గోషే అదే రోజు గూటి దగ్గరికి వచ్చాడు. కొలగాణ్ణి రెండు చేతులతో ఎత్తి, పెదవి విరిచాడు.

"ఇదేనా నా పుంజు? గొర్రెపిల్లలా ఉంది. ఇవాళ్టి నుంచి మేత పెట్టకు. నీళ్లు చాలు. పొద్దునా సాయంత్రం బయటికి తీసి పరిగెత్తించు. విన్నావా?"

తల ఊపాను. విన్నాను కాబట్టి.

"మీరు మర మనుషులు కదూ?"

మళ్లీ ఊపాను.

"అయితే నెల తిరిగేసరికి మర నాది, నువ్వూ నాదానివి. అది గుర్తుపెట్టుకుని పనిచెయ్యి."

నేను ఎవరికీ ఎదురు చెప్పిన మనిషిని కాదు. పాదిరిగారు గుడి వసారాలో అక్షరాలు నేర్పినప్పుడు కూడా, వచ్చినా రాకపోయినా పలక ఎత్తి చూపించేదాన్ని గానీ పైకి చదివేదాన్ని కాదు. ఆ రోజు మధ్యాహ్నం గంట కొట్టి అందరూ భోజనానికి కూర్చున్నాక, గూటి వెనక కూర్చుని పిండి పిసికాను. పన్నెండు ఉండలు పెట్టాను. మర్నాడు పన్నెండు. ఆ మర్నాడు పన్నెండు.

వారానికి గోషే మళ్లీ వచ్చి ఎత్తి చూశాడు. తిబో చేతికిచ్చి చూడమన్నాడు.

"తగ్గలేదు దొరా. పెరిగినట్టుంది."

"గాలి తిని బలుస్తోందా ఇది?"

నేను నేల చూశాను.

"దీనికి మాటలు రావా దొరా?" అన్నాడు తిబో.

"రాకపోతే మంచిదే. మా ఇంట్లో మాట్లాడే ఆడమనిషి ఒకర్తి ఉంది, చాలు." గోషే నా గిన్నె వైపు చూశాడు. అంచుకు పిండి ఎండి అంటుకుని ఉంది. గిన్నెను కాలితో తన్నాడు. అది దొర్లుకుంటూ బేరి చెట్టు మొదట్లో ఆగింది. అతను వెళ్లాక పోయి తెచ్చుకున్నాను. అంచు చొట్టపోయింది. పిండి పిసకడానికి అంచుతో పనేముంది?

సాయంత్రం మరలో సిబిలమ్మ నన్ను ఆపింది. అమ్మ పక్కనే సంచులు దులుపుతోంది.

"ఆపెయ్యవే ఎమెలీన్. ఇవాళ గిన్నెని తన్నాడు. రేపు నిన్ను తంతే నాకు చెప్పడానిక్కూడా నీకు నోరు రాదు."

"పాత దొర రోజుకి పన్నెండు అన్నారు," అన్నాను. "వద్దని ఆయనింకా చెప్పలేదు."

ఆమె పిండి చేత్తోనే కళ్లు తుడుచుకుంది. చెంపల మీద అట్ట కట్టింది.

"ఓడిపోతే ఏం చేస్తావమ్మా?" అంది మా అమ్మ పాస్కెత్. అమ్మకు మొహాలు కనబడవు, అందుకే ఎవరూ అడగనివి అడిగేస్తుంది.

"ఓడితే మఠంలో మర కడతాను. వాళ్ల గంటలు వాళ్లకే వినబడకుండా చేస్తాను." ఆపైన మెల్లగా అంది. "ఓడకూడదు పాస్కెత్. నాకు ఇంకో పని రాదు."

రాయి తిరుగుతోంది. అమ్మ మళ్లీ సంచులు దులపసాగింది.

పునీత జైల్స్ పండుగ పొద్దున గూడు తెరిస్తే లోపల రెండు పుంజులున్నాయి.

కొత్తది ఎర్రది. పొడుగు కాళ్లు, సన్నటి రొమ్ము. కొలగాడు మూలకు ఒదిగి దానికి చోటిచ్చాడు. తిబో గూటికి ఆనుకుని రొట్టె నములుతున్నాడు.

"పట్నం నుంచి వచ్చింది," అన్నాడు. "అక్కడ పుంజులకి విత్తులు తీసేవాళ్లలో పేరున్న మనిషి చేతిది. దొర ఇల్లు, దొర గూడు. గూట్లో ఏది ఉంటే అది ఇంటి పుంజే. ఏమంటావ్? ఓ, మర్చిపోయా, నువ్వేమీ అనవుగా."

నేను ఎర్రదాన్ని చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు చూశాను.

తీర్పరి ఎండ ఎక్కకముందే వచ్చాడు. జలుబుతో ఉన్న సన్నటి మనిషి. బేరి చెట్టు కింద పీట వేసుకుని, ముక్కు తుడుచుకుంటూ, ముందుగా పుంజును ఎక్కడినుంచి ఎగరేయాలని అడిగాడు. ఇంటి బురుజు మీద నుంచి అని గోషే అన్నాడు. నేల మీద నుంచి అని సిబిలమ్మ అంది. ఊరి పెద్దల్ని అడిగారు.

"బురుజు మా నాన్న రోజుల్లో కట్టింది. ఆచారం దానికంటే పాతది," అన్నాడు రెనో తాత.

"అలాగని నేల మీద నుంచి కాదు," అన్నాడు గోబెర్ తాత. "మెట్ల పైన, గడప ముందు నుంచి. వారసుడు తన చేత్తో ఎగరేయాలి. మా తాత చెప్పాడు."

"మీ తాతకి మాటలు వచ్చా? నాకు తెలిసి ఆయన తాగుతూనే ఉండేవాడు."

"తాగి చెప్పాడు. చెప్పడం చెప్పాడు."

తీర్పరి చెయ్యెత్తాడు. "మెట్ల పైనుంచి. పుంజును తెండి."

గోషే ఎర్రదాన్ని తెచ్చాడు. సిబిలమ్మ మొహం తెల్లబోయింది. పిండి వల్ల కాదు. "అది మన పుంజు కాదు!"

"పొద్దున గూట్లోంచే తీశాం," అన్నాడు గోషే. "గూట్లో ఉన్న పుంజు ఇంటిది కాదా తాతా?"

తాతలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇంటి గూట్లో తెల్లారితే ఇంటిదే," అన్నాడు రెనో తాత, ఆ మాట నోట్లో చేదుగా ఉన్నట్టు. "కోళ్ల విషయంలో అంతే మరి."

"తీసిన పుంజేనా?" అన్నాడు తీర్పరి. "కోళ్లు చూసేది ఎవరు?"

జనం నా వైపు తిరిగారు. ఊరంతా అక్కడే ఉంది. గోషే నన్ను చూశాడు. నువ్వు నాదానివి అన్నప్పుడు ఎలా చూశాడో అలాగే.

"అమ్మాయీ, ఇది విత్తులు తీసిన పుంజేనా?"

మా పనిలో జరిగే తప్పు ఒకటుంది. రెండు విత్తుల్లో ఒకటి వెన్ను వైపు లోతుగా ఉంటుంది. చేయి తొందరదైతే అది లోపలే ఉండిపోతుంది. పైకి చూస్తే పుంజుకు కోత మచ్చ ఉంటుంది, అమ్మినవాడు తీశానని ఒట్టు పెట్టి చెబుతాడు, అబద్ధం కూడా కాదు. ఆ సంగతి దాని తురాయికి మాత్రం తెలుస్తుంది. అది పాలిపోదు. గోషే చేతిలోదాని తురాయి నిగనిగా ఎర్రగా ఉంది.

గోడవతల పెట్టలు తిరిగే చోటికి వెళ్లి, చుక్కల పెట్టను పట్టుకుని తెచ్చి, మెట్ల కింద వదిలాను.

"దించండి బాబూ, మీ పుంజుని," అన్నాడు రెనో తాత వెంటనే. ముసలాయనకు అర్థమైపోయింది.

"ఎందుకు?"

"దించండి," అన్నాడు తీర్పరి.

గోషే దించాడు. ఎర్రది ఒళ్లు దులుపుకుంది. పెట్టను చూసింది. ఒక రెక్క నేలకు జార్చి, కాలితో గీరుకుంటూ పెట్ట చుట్టూ ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది. తర్వాత మెడ చాచి, ఊరంతటికీ వినబడేలా కూసింది.

నవ్వు ఎక్కడ మొదలైందో తెలియదు గానీ గోడల మీద కూర్చున్నవాళ్లు కూడా కిందికి జారారు.

"ఇలాంటి సన్యాసిని ఒకణ్ణి నేనెరుగుదును!" అని గోబెర్ తాత అరిచాడు. పాదిరిగారు దగ్గారు. తీర్పరి ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు, తుమ్మడానికి కాదు.

"రెండో పుంజును తెండి," అన్నాడు.

కొలగాణ్ణి నేనే ఎత్తి తెచ్చి గోషే చేతుల్లో పెట్టాను. బరువుకు అతని భుజాలు కిందికి దిగాయి. మెట్లెక్కి గడప ముందు నిలబడ్డాడు. ఎందుకో ఒకసారి తండ్రి కిటికీ వైపు చూశాడు. సిబిలమ్మ కింద, రెండు చేతులూ నడుం దగ్గర బిగించుకుని, మర వైపు తప్ప ఎటూ చూడకుండా నిలబడింది.

గోషే బలం కొద్దీ విసిరాడు.

కొలగాడు రెక్కలు విప్పాడు. ఒకసారి కొట్టాడు, రెండుసార్లు కొట్టాడు, మూడోసారికి తన బరువు తనకు గుర్తొచ్చినట్టుంది. పెంటకుప్ప మీద మెత్తగా పడ్డాడు. లేచి, చుట్టూ చూసి, మధ్యాహ్నం మేత వేళ అయిందనుకున్నాడో ఏమో, ఊగుకుంటూ నా వైపు నడవసాగాడు.

"నడుస్తోంది! ఇంకా పోతోంది!" అన్నాడు తిబో.

"ఎగిరినంత అన్నారు. నడిచినంత అనలేదు," అంది సిబిలమ్మ.

తీర్పరి మనిషి అంగలు వేశాడు. పదకొండు. పెంటకుప్ప నడిమధ్యలో గుంజ పాతారు.

"సగం పెంట దొరగారిది," అన్నాడు రెనో తాత. "మిగతా సగం సంగతి రేపు తేలుద్దాం."

తీర్పరి నవ్వకుండా చదివాడు. ఇల్లు, ఇంటిచుట్టూ పదకొండు అంగలు ఎంగెరాన్ కొడుకు గోషేవి. నీటిమర, పచ్చిక, మర మనుషులు ఎంగెరాన్ కూతురు సిబిల్‌వి. ఆమె నేరుగా మరకు వెళ్లి తూము తలుపు ఎత్తేసింది. పొద్దుటి నుంచి ఆగి ఉన్న చక్రం తిరిగిన చప్పుడు మాకు వినబడింది.

జనం వెళ్లిపోయాక నేను పుంజును గంప కింద మూసి, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. తీర్పరికి భోజనం పెట్టాలి కదా. గోషే లోపలికి వచ్చాడు. వెనక తిబో. గోషే మెత్తటి గొంతు ఎక్కడికీ పోలేదు.

"వంటింటి గోడ దాకా నాదే కదా, పిల్లా?"

తల ఊపాను.

"పదకొండు అంగలు నావే. ఈ పొయ్యి నాది. ఈ గంప నాది. గంప కింద ఉన్నది కూడా నాదే."

కాలితో గంప తోశాడు. కొలగాడు లోపల చిన్నగా గొణిగాడు.

"నెల రోజులు నా మాట విననందుకు నిన్నేమీ అనను. దాన్ని కోసి, వేయించి, ఈ పూట నా పళ్లెంలో పెట్టు. నీ చేత్తోనే. తీర్పరి కూడా తింటాడు. నా చెల్లెలికీ ఒక కాలు పంపుదాం."

బల్ల మీది పెద్ద కత్తి తీసి, పిడి నా వైపు తిప్పి అందించాడు.

తీసుకున్నాను. కత్తి బాగా పదునుగా ఉంది, పొద్దున నేనే నూరాను. దాన్ని ఉల్లిపాయల పక్కన పెట్టాను. నడుముకు కట్టుకున్న వంటబట్ట విప్పి మడత పెట్టి కత్తి పక్కన పెట్టాను. గూటి తాళంచెవి దాని మీద పెట్టాను. తర్వాత వంగి, గంప ఎత్తి, కొలగాణ్ణి చంకన పెట్టుకున్నాను. వెచ్చగా ఉన్నాడు.

"ఏయ్," అన్నాడు తిబో.

గోషే నాకు అడ్డం రాలేదు. నేను కేకలు వేస్తాననో, ఏడుస్తాననో, క్షమించమంటాననో ఎదురుచూస్తున్నాడు. అలాంటిదేదైనా జరిగితే ఏం చేయాలో అతనికి తెలిసి ఉండేది.

గడప దాటి మెట్లు దిగాను. ఎండ సూటిగా నడినెత్తిన ఉంది. చుక్కల పెట్ట మెట్ల కింద ఇంకా గింజలు ఏరుకుంటోంది. అంగలు లెక్కపెట్టుకుంటూ మర వైపు నడిచాను. పదకొండో అంగకు పెంటకుప్పలో కొత్త గుంజ, తల మీద సుత్తి దెబ్బల తెల్లటి చెక్కుతో నిలబడి ఉంది.

దాన్ని దాటాను.